కోయిల కొనాలె

పోచమ్మ మైదాన్‌ల నా మోటర్ వైండింగ్ దుకాణం.
ఇన్నేండ్లు గోడ క్యాలెండర్ మీదనే రాసుకున్న,
అమాసకూ పున్నానికీ నడుమ
గీసుగొండ ఓదెలు మోటరు, సంగెం సాంబలక్ష్మి మోటరు.
వార్నిష్ చుక్క ఏ పేరు మీద పడితె
ఆ మోటరు ఆ వారం మరుపే.

మా స్రవంతి ఫోన్‌ల లిస్టు పెట్టిచ్చింది.
"ఎర్రది అర్జెంటు, ఆకుపచ్చది నిమ్మళం.
అయిపోతే వేలితోటి ఒక్క టిక్కు, బాపూ."
ఎండకాలం. పొలాల మోటర్లన్నీ ఒక్కపారే కాలిపాయె.
పొద్దుగూకేసరికి లిస్టు మొత్తం
మిరప కల్లం.

పచ్చగ మిగిలింది ఒక్కటే:
నా పంటి నొప్పి, ఎంజీఎం.
బతుకమ్మ నుంచి దాన్ని కిందికి జరుపుతనే ఉన్న.
అదీ జరుగుతనే ఉన్నది పాపం, ఎదురు చెప్పకుంట.

చేతుల వార్నిష్ అద్దానికి అంటుతదని
ఇప్పుడు నోటితోటే చెప్తున్న.
నిన్న "కాయిల్ కొనాలె" అన్న.
పక్క దుకాణంల గ్రైండర్ మోత.
ఫోను "కోయిల కొనాలె" అని రాసుకున్నది.

రాగి కాయిల్ తెచ్చిన. ఓదెలు మోటరు తిరిగింది.
ఒక్కొక్కటి టిక్కు కొట్టుకుంట వచ్చి
దాని కాడ వేలు ఆగింది.
కొనలేదు గద,
అబద్ధపు టిక్కు ఎట్ల కొడ్త?
కొట్టేద్దామంటె మనసొప్పలె.
రంగు సుత పెట్టలె.

షట్టర్ సగం గుంజి
జరసేపు చెవి పెట్టి నిలబడ్డ.
కాజీపేట దిక్కు పోయే గూడ్సు కూసింది.
అది లెక్కకు రాదు.

రేపటికి జరిపిన.