చన్నీళ్ళతోనే

మూడు నెలల ఉతుకుడు బాకీకి బదులు
ఆ కుర్రాడు ఈ ఆట పెట్టె ఇచ్చి గది ఖాళీ చేశాడు.
పోతూ పోతూ టీవీకి తగిలించింది కూడా తనే.
"నేరాల కథ ఒబాసాన్, కానీ ఊరంతా మీదే,
ఎటు కావాలంటే అటు తిరగొచ్చు" అన్నాడు.

అరవై మూడొచ్చాయి నాకు.
కొకురాలో ఈ లాండ్రీ గుమ్మం దాటి
ఎటు కావాలంటే అటు
ఎప్పుడు తిరిగాను గనక.

మొదటి రాత్రి గంటసేపు
ఒకే గోడకి మొహం ఆనించి నడిచాను.
ఎడమ చేత్తో నడవాలట, కుడి చేత్తో చూడాలట.
ఎలాగో తిప్పుకుని వీధిలో పడ్డానో లేదో, వాన.

అబ్బ, వాన మాత్రం బాగా పట్టుకున్నారు.
మూసిన షట్టర్ మీద ఒక చప్పుడు,
ప్లాస్టిక్ గొడుగు మీద ఇంకొకటి,
కూల్‌డ్రింకుల మెషీన్ వెలుగు
తడి రోడ్డు మీద గుడ్డు సొనలా చితికి పారడం.
ఆ సందు చివర లాండ్రీ కూడా ఉంది.
ఆశగా వెళ్ళాను. తలుపు ఉత్త బొమ్మ.
అద్దం వెనక వేలాడే నలభై చొక్కాలూ
ఒకే చొక్కా.

కథానాయకుడి పేరు రెంజో. జైలు నుంచి ఇవాళే వచ్చాడు.
వేసుకున్నది తెల్ల సూటు. ఆ వృత్తిలో తెల్లది!
మలుపు మలుపుకీ ఎవడో ఒకడు కాలు దువ్వుతాడు,
ఇతను సైకిలెత్తి వాడి నెత్తిన వేస్తాడు,
దెబ్బ తిన్నవాడే లేచి డబ్బిచ్చి, దణ్ణం పెట్టి పోతాడు.
మరుక్షణం సూటు మల్లెపువ్వు.

నవ్వొచ్చింది.
కాసేపటికి ఆగింది.

రక్తానికి వేడినీళ్ళు తగలకూడదు.
తగిలితే ఉడికి నూలులో కూర్చుంటుంది, ఇక లేవదు.
చన్నీళ్ళు, ఉప్పు, గోటి కొస, తెల్లారేదాకా ఓపిక.
ఇరవయ్యేళ్ళు పెరటి వైపు నుంచి వచ్చిన మూటలు
ఎవరివని అడక్కుండా విప్పాను.
కొన్ని అడగక్కర్లేదు.
మా తమ్ముడి కాలర్ కొలత నాకు తెలుసు.

రెండో రాత్రి రెంజోకి ఫోనొచ్చింది,
పెద్దాయన పిలుస్తున్నాడని.
వీధి పొడవునా ఎర్ర బాణం, ఇటు రమ్మని.
నేను పోలేదు.
రెంజోకి వేడి వేడి రామెన్ తినిపించాను,
ఎవరిదో తప్పిపోయిన పిల్లిని వెతికిపెట్టాను,
సిగ్నల్ దగ్గర ఆగాను.
ఆగినందుకు ఈ ఆటలో పైసా రాదు.
ఫోను మోగుతూనే ఉంది, అదే గొంతు, అదే మాట.
ఎంతసేపైనా విసుక్కోని పెద్దాయన!
అక్కడ తెలిసిపోయింది నాకు
ఈ ఆట రాసినవాళ్ళు వయసులో చిన్నవాళ్ళని.
మా ఇంట్లో ఫోను మూడోసారి మోగేది కాదు,
రెండో దానికే తమ్ముడు బూట్లలో ఉండేవాడు.

మూడో రాత్రి తొకియోషి వచ్చాడు,
పార్కింగ్ కాపలా డ్యూటీ దిగి, ఎర్ర లైటు కర్ర చంకలోనే.
నిలబడే చూశాడు.
"ఎందుకే అక్కా వీడు ఊరికే పరిగెడతాడు?
మేం ఎప్పుడు పరిగెత్తాం?
కారులో కూర్చునేవాళ్ళం. ఎదురింట్లో దీపం ఆరాలి.
నడుము పట్టేసేది. ఒంటికి పోసుకోడానికీ దిగనిచ్చేవాళ్ళు కాదు.
అది పెట్టమను ఆటలో, నాలుగు గంటలు."

ఇలా ఇమ్మన్నాడు.
ఎడమచేతి చిటికెన వేలు వాడికి లేదు.
అటూ ఇటూ పట్టుకు చూసి
ఆ వేలికి ఇందులో పనే లేదని కనిపెట్టి
"నాలాంటివాళ్ళ కోసమే చేశారు" అని
ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ చెయ్యి
జేబులో దాచకుండా నవ్వాడు.

అంతలో రెంజో ఓ ముసలమ్మని గుద్దేశాడు.
సంచి జారింది. నారింజలు.
తమ్ముడు ఠక్కున టీవీకి తల వంచి
"క్షమించాలి" అన్నాడు.

ముసలమ్మ లేచి, దులుపుకోకుండానే, పోయింది.
"టీ పెట్టనా?" అన్నాను.
"ఉండు" అన్నాడు,
ఎర్ర బాణానికి వీపు తిప్పి,
రెంజోని ఆ సందులోనే వెనక్కీ ముందుకీ నడిపిస్తూ,
"పళ్ళెక్కడ పడ్డాయో చూడనీ."