ముప్పావు అంగుళం

నడవలేని వాళ్లకి నడక నేర్పే చోటు
మేడ మీద ఉంది.
లిఫ్టు తలుపుకి కట్టిన అట్టముక్క మీద
తమిళంలో ఏదో రాసి ఉంటుంది; చదవక్కర్లేదు,
మూడు నెలలుగా అదే అట్టముక్క.
వాచ్‌మన్ ఏళుమలై, ఇస్త్రీబండి కుర్రాడూ
నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి
మేనమామలు గంపలో పెళ్లికూతుర్ని తెచ్చినట్టు
పైకి తెస్తారు.
పంతొమ్మిది మెట్లు. లెక్కపెడతాను.
లెక్క నా వృత్తి.

ముప్పై రెండేళ్లు సాలిగ్రామంలో కత్తెర పట్టాను.
సినిమా పోలీసులకి, సినిమా పూజారులకి,
మొదటి రీలులోనే చచ్చిపడే రౌడీలకి
లాగూలు కుట్టాను.
నడుం నుంచి మడమ దాకా టేపు జార్చి
ఎన్ని వేల కాళ్లు కొలిచానో!
కాలంటే నాకు ఒక అంకె, దానికి సరిపడా గుడ్డ.
అది నడుస్తుందన్న సంగతి
ఆర్కాట్ రోడ్డులో, మెట్రోకి తవ్విన గోతి పక్కన
నీళ్ల లారీ వెనక్కి వచ్చిన సాయంత్రం దాకా
తట్టలేదు.

తొడలో ఇప్పుడు స్టీలు కడ్డీ ఉంది.
పైన వరసగా ఇరవై ఆరు కుట్లు,
చేయి తిరిగిన పని కాదు,
నేనైతే ఇంకా సన్నగా వేసేవాణ్ని.
ఈ మాటకి డాక్టరు నవ్వాడు.
కామాక్షమ్మ నవ్వలేదు.
నేను మంచం మీదున్న తొమ్మిది వారాలూ
నా మిషను మీద జాకెట్లు కుట్టింది తను.
పెడలు చప్పుడు వింటూ పడుకునేవాణ్ని,
ఎక్కడ దారం తెగిందో చెప్పగలిగేవాణ్ని,
లేచి వెళ్లి అతకలేకపోయేవాణ్ని.

కయల్విళికి ఇరవై నాలుగేళ్లుంటాయేమో.
నేల మీద తువ్వాలు పరిచి
కాలి వేళ్లతో దగ్గరికి లాక్కోమంటుంది.
కుచ్చిళ్లు పెట్టడమన్నమాట!
చేతులతోనైతే నిద్రలో పెడతాను.
బొటనవేలు మాత్రం
అలిగిన బంధువులా అటు తిరిగి పడుకుంది.
నలభై నిమిషాలకి ఒక్క కుచ్చి.
ఆ పూట నా చొక్కా పిండితే
చెంబుడు నీళ్లొచ్చేవి.

పక్క మంచం తనికాచలం బస్సు డ్రైవరు.
పక్షవాతం. కాలాడిన ప్రతిసారీ
గాల్లో బ్రేకు తొక్కి, "ఇరంగు, ఇరంగు" అని
లేని ప్రయాణికుల్ని దిగమనేవాడు.
ఆయన ఇసుక సంచీ ఇప్పుడు
నా చీలమండకి కడుతున్నారు.
ఎందుకు రావడం లేదో నేనడగలేదు.

రెండు ఇనప కడ్డీలు, ఎదురుగా నిలువుటద్దం.
అద్దం ముందు ఇంకొకరిని నిలబెట్టడం నా పని,
ఇవాళ నేను నిలబడ్డాను, పండక్కి లాగూ కావాలని
వచ్చినవాడిలా బెరుగ్గా.
"ఒణ్ణు," అంది. మంచి కాలు వేశాను.
"రెండు," అంది.
ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి ఇది గమనించలేదు:
ఒకటి ఎవరి ఒకటి వాళ్లదే,
మూడు దగ్గర మళ్లీ కాస్త విడిపోతాం,
రెండు మాత్రం
ఆ పిల్లకీ రెండే, నాకూ రెండే.
ఆ మాట మీదే లేచింది రెండో కాలు.
లేచిందంటే ఎగిరిందని కాదు,
తడిసిన గోనెసంచీ గడప దాటినట్టు
ఈడ్చుకుంటూ, గొణుక్కుంటూ
దాటింది.
నేను అద్దంలో చూడలేదు. కళ్లు మసకేశాయి,
చెమటే అనుకోండి.

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు,
దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు.
ఇది ఆమె చెప్పిన సూత్రం.
నిన్న పంతొమ్మిది మెట్లూ దిగాను.
ఖాళీ కుర్చీ నెత్తిన బోర్లించుకుని
ఇస్త్రీబండి కుర్రాడు నా వెనకే దిగాడు,
ఒక్కో మెట్టు దగ్గరా ఆగి.
ఎదురుగా టీకొట్టుకి పదకొండు నిమిషాలు పట్టింది.
టీ చల్లారిపోయింది.
రెండోది తాగాం.

రాత్రి టేపు తీశాను.
నా కాళ్లు నేనెప్పుడూ కొలుచుకోలేదు,
నా లాగూలన్నీ అందాజాగా కత్తిరించినవే.
ఎడమది ముప్పై తొమ్మిది.
కుడిది మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ
ముప్పావు అంగుళం తక్కువ.
"చెప్పు కింద అట్ట వేయిస్తే సరిపోద్ది,"
అంది కామాక్షమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

కొలతల పుస్తకంలో కొత్త పేజీ తిప్పాను.
పేరు: పెంచలయ్య.
పొడవు: ఎప్పుడూ ఒక్క అంకె పట్టే గడిలో
ఇరికించి రెండు రాశాను.
డెలివరీ తేదీ ఖాళీగా వదిలేశాను.
సోమవారం మెట్లెక్కాలి.