బోర్డు గీకిన రోజు

మళ్ళీ కబురొచ్చింది.
పాతలంక లాకుల దగ్గరి బడికి పేరు మారిందట, మూడోసారి.
రంగుడబ్బాలు సైకిలుకి కట్టుకుని
కాలవగట్టు మీద వెళ్ళాను, అరవయ్యారేళ్ళవాణ్ణి.
పదకొండో ఏట ఇదే గట్టున నడిచాను,
జవాను గుప్పిట్లో నా మణికట్టు.

ముందు గీకాలి.
ఉప్పుగాలికి పై పొర చేపపొలుసులా దానంతటదే లేస్తుంది.
'బాలుర సదనం'. నేను రాసిందే.
"సున్నా గుండ్రంగా పెట్టవోయ్, చూడగానే ఇల్లనిపించాలి"
అన్నారు అప్పటి సూపర్నెంటు గారు.
ఏ సున్నా అని అడగలేదు.
దాని కింద 'సర్టిఫైడ్ స్కూలు'. అదీ నాదే,
లోపల ఉండగా రాసింది, కొమ్ము వంకర.
అన్నిటికన్నా అడుగున, తారు నలుపులో
'బాల నేరస్థుల సంస్కరణాలయం'.
నాకు చదువు చెప్పింది ఆ అక్షరాలే.
'నే' దగ్గర ఆగిపోయేవాణ్ణి,
నేను అనుకుని.

అంతకుముందు అది ధాన్యం కొట్టు.
వానాకాలం మా చాపల కింద గింజలు మొలకెత్తేవి.
మూడు పూటలా కూడు, అబద్ధమెందుకు, బయట అది లేదు.
పొద్దుటినించీ పీచు కొట్టడం,
కాలవలో నానిన డొక్కల కంపు అన్నంలోకీ వచ్చేది.
"తాడు పేనేవాడికి ఆకలి తెలీదు, ఆయ్" అనేవాడు తాళ్ళమేస్త్రీ.
మాకు తెలిసేది.

రిజిస్టరులో నేరం గడి ఒకటి.
గెడ్డం ఆశీర్వాదం: కొబ్బరికాయలు రెండు, ఒకటి లేతది.
పెమ్మాడి పోలయ్య: పడవ లంగరుతాడు కోయుట.
నేను: సంతలో ఊరికే తిరుగుట.
పుట్టుమచ్చ, ఎడమ చెవి వెనక.
అలా ఒకటుందని నాకు అక్కడే తెలిసింది.
చెప్పేంతకాలం అమ్మ లేదు.

తుఫాను రాత్రి గేటు గడియ తీసిందెవరో ఎవరూ ఒప్పుకోలేదు.
మేం పేనిన తాడే
లాకుల కమ్మీనించి గేటుదాకా కట్టి
పేటలోవాళ్ళని ఒక్కొక్కరినీ లాక్కొచ్చాం,
మా పేరెత్తితే పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్ళని.
ఒక ముసలమ్మ నా మెడ వదల్లేదు తెల్లారేదాకా.
పొద్దున్న లెక్కపెట్టారు.
పారిపోగలిగినవాళ్ళం అరవైమందిమీ అక్కడే ఉన్నాం, వణుకుతూ.
పోలయ్య లేడు.
రిజిస్టరులో ఎర్రసిరాతో ఒకటే మాట:
పరారీ.

తాడు ఈ కొస నా చేతుల్లో ఉంది.
అటు బరువు ఉండి ఉండి
ఉన్నట్టుండి లేకుండా పోవడం
ఇప్పటికీ అరచేతులకి తెలుసు.
చెప్పాను. పదమూడేళ్ళవాడి మాట, అదీ నేరస్థుడి మాట.

ఇవాళ బోర్డు బోసిగా, చెక్క ఈనెలు కనపడేట్టు ఉంది.
గేటు గడియ మాత్రం ఇంకా బయటివైపే.
లోపలినించి ఒక కుర్రాడు కమ్మీల్లో ముఖం పెట్టి
"ఏం రాస్తన్నావ్ తాతా?" అన్నాడు.
"కొత్త పేరు."
"ఎవరిది?"

తెల్లరంగు పులమకముందు, ఉత్త చెక్క మీద
పెద్ద కుంచెతో రాశాను ఒక పేరు.
ఆరేదాకా వాడూ నేనూ చూస్తూ కూచున్నాం.
తర్వాత తెలుపు, రెండు పూతలు.
దాని మీద ఆఫీసువాళ్ళ కాగితంలో ఉన్నది ఉన్నట్టు.

బిల్లు అక్షరానికింత.
ఆరు అక్షరాలు ఎక్కువయ్యాయి.
వెయ్యలేదు.