ఏడో బల్ల

ఏప్రిల్ వచ్చిందని నాకు
పువ్వులు చెప్పవు, కుర్చీల గొలుసు చెబుతుంది.
చలికాలమంతా ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చున్నవి
విడదీస్తుంటే కీచుమంటాయి,
సెలవులయ్యాక బడికి తోలిన పిల్లల్లా.

పదకొండు బల్లలు. అంతే పడతాయి.
పైన ద్రాక్షతోట, కింద ద్రాక్షతోట,
లావో వాలులో ఒక గోడ భుజమ్మీద మా హోటలు.
ఇంకో కుర్చీ వేశామంటే
అందులో కూర్చున్నవాడు సూపుతో సహా
కింది మెట్టు తీగల మీద పడతాడు.

ఏడో బల్ల కుంటిది.
ఇలీడియు ఏటా దాని కాలి కింద
సీసా బిరడా ఒకటి సన్నగా కోసి పెడతాడు.
వానకు అది ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది.
ఆ బల్ల మీద గ్లాసు ఎప్పుడూ
ఏదో చెప్పబోయి ఆగినట్టే ఉంటుంది.

కొత్తగా వచ్చేవాళ్లు సరస్సు వైపు కూర్చుంటారు.
నీళ్లకవతల ఫ్రాన్స్ కొండలు,
మధ్యలో తెల్లటి ఆవిరి పడవ,
ఫొటోకి కావలసినవన్నీ అటే ఉన్నాయి.
ఆర్మాన్ మాత్రం సరస్సుకి వీపు పెట్టి
ఏడో బల్ల దగ్గర
గోడల్ని చూస్తూ కూర్చుంటాడు.
రెండు డెసిలీటర్ల శాస్లా,
పెర్చ్ దొరికిన రోజు చేప, లేకపోతే రొట్టే జున్నూ.

అతను తాగేది అతని తోట వైనే.
అతని తోట అనకూడదిప్పుడు.
మోకాళ్లు అరిగాక, వడగళ్లు పడిన ఏడాది,
నాలుగు మెట్లూ అమ్మేశాడు.
కొన్నవాడు మంచివాడే, చదువుకున్నవాడు,
సీసా మీద పక్షి బొమ్మ వేయించాడు.
ఆర్మాన్ ఆ పక్షిని గోటితో గీకుతాడు,
తర్వాత పూర్తి ధర చెల్లిస్తాడు.
"ఎలా ఉంది?" అంటాను.
"సున్నం తగులుతోంది" అంటాడు,
లేకపోతే "కోతకు తొందరపడ్డాడు."
బాగుందని ఒక్కసారీ అనలేదు.
చుక్క మిగల్చనూ లేదు.

గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడలకు పొట్టలుంటాయి.
రాళ్ల వెనక నీరు చేరితే
నెలలు నిండిన మనిషిలా ముందుకొస్తాయి.
జులైలో ఒక సాయంత్రం
అన్ని బల్లలూ నిండి,
జ్యూరిక్ నుంచి వచ్చిన పెళ్లిరోజు గుంపు
ఐసు ఐసు అని అరుస్తుంటే
ఆర్మాన్ లేచాడు.
చేప సగంలో ఉంది. రుమాలు మెడలోనే ఉంది.
గేటు తీసుకుని, మెట్లెక్కి,
పై గోడ దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాడు.

పడిపోయాడనుకున్నాం.
ఇలీడియు చేతిలో పళ్లెం ఎవరి ముందో పెట్టేసి పరిగెత్తాడు.
పడిపోలేదు.
ఊడిన రాయి ఒకటి ఒళ్లో పెట్టుకుని
దాని ముఖం ఏ వైపుందో వెతుకుతున్నాడు.

మా దగ్గర చేరకముందు ఇలీడియు
ఎనిమిదేళ్లు ఈ గోడలే కట్టాడు,
పోర్చుగల్లో వాళ్ల నాన్న కట్టినట్టే, సిమెంటు లేకుండా.
ఏమీ అడగలేదు.
నల్ల చొక్కాతో, నల్ల ఏప్రనుతో
చిన్న రాళ్లు ఏరి అందించసాగాడు.
ఇక్కడ నేను, ఎవరి కాఫీ ఎవరిదో తెలియక,
పదకొండు బల్లలకూ క్షమాపణలు చెబుతున్నాను.
ఒకావిడ మెల్లగా అడిగింది,
"ఇది రోజూ ఉంటుందా, శనివారాలేనా?"

తిరిగొచ్చాక అడిగాను, ఎవరి గోడ అని.
తెలియక కాదు.
"గోడ, యుగెట్" అన్నాడు. "గోడ."

చల్లారిన చేప తీసేయబోతే చేయి అడ్డం పెట్టాడు.
ఇలీడియు గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు తెచ్చాడు,
ఇద్దరూ అందులోనే చేతులు కడుక్కున్నారు.
బల్ల ఊగి మట్టినీళ్లు గుడ్డ మీద ఒలికాయి.
మూడు ఉతుకులకీ ఆ మరక పోలేదు.
ఆ గుడ్డ ఇప్పుడు రొట్టెల బుట్టలో వేస్తున్నాను,
మడత లోపలికి.

ఆ రాత్రి కొవ్వొత్తులార్పి
కుర్చీల్ని మళ్లీ ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చోబెట్టి
గోడకు వీపానించాను.
పదిన్నరైనా
అందులోంచి ఎండ ఇంకా దిగలేదు.

కొన్నవాడికి చెప్పాలా వద్దా అని
రెండు రోజులు ఆలోచించాను.
మూడో రోజు అతనే వచ్చి
ఏడో బల్ల కావాలన్నాడు.
ఖాళీ లేదన్నాను.
ఆరున్నర దాకా
ఖాళీగానే ఉంది.