ఎండ తగిలిన రీలు

పూర్ణా మార్కెట్ వెనక రెండో సందు,
ఆడారి గవరేశు గారి స్టూడియో.
నేను డార్క్‌రూమ్‌లో నీళ్ళు మార్చే గుంటడిని.
అన్నం ముద్దలో కూడా హైపో వాసనే.

ఆ రోజుల్లో పేపర్లో రాసేవారు,
అమెరికావాడు రాకెట్లో ఎలకల్ని పంపుతున్నాడని.
ఒకటి నిలబెట్టిన చోటే ఆగిపోయింది.
ఒకటి దారి తప్పి సముద్రంలో పడింది.
ఒకటి పైకి పోయింది గానీ
దిగవలసిన బుట్ట దిగలేదు.
గవరేశు గారు చుట్ట నములుతూ లెక్కపెట్టేవారు:
"పన్నెండోది కూడా పోనాదిరా.
ఎలకలకి ఇంత ఖర్చేటి?
మన మార్కెట్లో బోను అర్ధరూపాయి."

మూడేళ్ళకి కంచరపాలెంలో ఒక పెళ్ళి.
అప్పలకొండ ముక్కున కొత్త నత్తు,
ఫొటో బీచిలోనే దిగాలని పట్టు.
ఆమె భుజం వెనక డాల్ఫిన్స్ నోస్ పడింది,
కొండ కింద ఏదో బూడిదరంగు ఓడ.
సెంట్రీ పరిగెత్తుకొచ్చాడు.
కెమెరా వెనక తలుపు తెరిచి
రీలు బారెడు లాగి
ఎండకి చూపించాడు, తడిచీర ఆరేసినట్టు.
అయినా గవరేశు గారు తెచ్చి కడిగారు.
ట్రేలో ఒకటే నలుపు
ఆ చివర నుంచి ఈ చివరకి,
పన్నెండు ఫ్రేములూ.
అడ్వాన్సు పదిహేను రూపాయలు వాపసు.

ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిది.
రహస్యానికి గడువు తీరిందట,
పక్క వాటా వినీల్ కంప్యూటర్లో చూపించాడు.
ఎలకలు కావు తాతా, కెమెరా.
బాంబు మోయడానికి చేసిన గొట్టానికే తగిలించారు.
పైన గాలి లేనిచోట ఫిలిం పెళుసుబారి
పుటుక్కున తెగిపోయేదట మొదట్లో.
ఆ మాటకి నా వేళ్ళు ఉలిక్కిపడ్డాయి.
నిండిన రీలుని గొడుగు కట్టి వదిలితే
విమానం వచ్చి కొక్కెంతో అందుకునేదట,
చిక్కంతో మామిడికాయ దింపినట్టు.

తర్వాత మన ఊరు.
ఆ పెళ్ళి జరిగిన ఏడాదే.
హార్బరు కాలువ సూదిలో దారం,
కొండ నీళ్ళలోకి చాచిన ముక్కు,
జెట్టీ పక్కన నాలుగు బియ్యపుగింజలు, ఓడలట.
వాణ్ణి ఏ సెంట్రీ ఆపలేదు.
బీచి ఒక తెల్లటి గీత.
భూతద్దం తెప్పించుకుని గీతంతా వెతికాను.
అప్పలకొండ లేదు.

ఎలా ఉంది తాతా అన్నాడు వినీల్.
గ్రెయిన్ తక్కువే.
అంచుల్లో మరక లేదు.
శుభ్రంగా కడిగారు.
ఎక్కడో ఎర్రబల్బు కూడా లేని గదిలో
ఎవడో గుంటడు
నీళ్ళు మార్చి మార్చి
వేళ్ళు ముడతలు పడి ఉంటాయి వాడికి.