తప్పు గుర్తు

ఏడో తరగతి, గుర్రంపోడు.
కిటికీ అవతల బత్తాయి తోట.
అక్కడ మోటరు పెట్టినప్పుడల్లా
మా నెత్తిమీది ఫ్యాను నెమ్మదైతది.

బోర్డు మీద ఎక్స్ రాసిన.
ఆ ఒక్కటే, ఇంకేం రాయలే.
"లెక్క చేయకముందే తప్పు పెట్టిండ్రేంది సార్?"
అన్నడు వడిత్య గణపతి.
"తప్పు గాదు, ఇంటు గుర్తురా," వెనక బెంచీలకెళ్ళి ఎవరో.
నవ్వులు.
నేనూ నవ్విన గానీ
చేతిల సుద్దముక్క కొంచెం ఆగింది.
ఒకటో తరగతి నుంచి వీళ్ళ పుస్తకాల్ల
ఎర్రపెన్నులు గీసిందంతా ఈ గుర్తే గద.

ఇది తెల్వనిదాని పేరు అని చెప్పిన.
తెలిసేదాంక ఇట్ల పిలుచుకుంటం, అంతే,
ఇంకా పుట్టని లేగకు పేరు పెట్టుకున్నట్టు.

సమీకరణమంటే తక్కెడ అన్న.
ఇటు ఎంతో అటు అంత.
ఇటుకెళ్ళి ఒకటి తీస్తే అటుకెళ్ళి ఒకటి తియ్యాలె,
ముల్లు నడుమ నిలబడాలె.
ట్రైనింగుల నేర్చుకున్న మాట.
పదమూడేండ్లుగ చెప్తున్న, ఎవ్వరూ ఎదురు చెప్పలే.

జాల సింధూజ లేచింది.
"మార్కెట్ల అట్లుండది సార్.
మా నాయన పది క్వింటాళ్ళు పోస్తే
సేటు తొమ్మిదే రాస్తడు. సూటు అంటరు.
కాయ వాడుతదట, దెబ్బకాయ ఉంటదట.
ముల్లు నడుమనే ఉంటది సార్,
రాసే చెయ్యే వంగుతది."

తక్కెడ బొమ్మ తుడిచేసిన.
"చిట్టీల ఎంతుంది?"
"ఇరవై ఏడు. మొన్నటి లోడు."
"కాటా మీద ఎంతొచ్చింది?"
"అది రాయరు. కోసినంక మిగిలిందే రాస్తరు."
"మరి తెల్వనిదాన్ని ఏమంటం?"

ఎవరో మెల్లగ అన్నరు. తర్వాత అందరు.

ఎక్స్‌ల పదోవంతు పోతే ఇరవై ఏడు.
సుద్ద ఆమెకే ఇచ్చిన.
భిన్నం కాడ తడబడ్డది, అరచేత్తో చెరిపింది,
మళ్ళ రాసింది,
తొమ్మిదితోని భాగించింది.
ముప్పై.

నేను చాలన్న. ఆమె ఆగలే.
కింద ఇంకో గీత కొట్టి
ముప్పైలకెళ్ళి ఇరవై ఏడు తీసేసింది.
మూడు.
పక్కోళ్ళ దొడ్లె తమ మేకను గుర్తుపట్టినట్టు
దానిదిక్కే చూసుకుంట నిలబడ్డది.
"ఎక్స్ దొరికింది సార్.
ఇవెట్ల దొరుకుతయి?"

బెల్లు కొట్టిండ్రు.
నేను జవాబు చెప్పలే.

తెల్లారి చిట్టీలు తెచ్చింది,
ఇనుప తీగకు గుచ్చినవి, మూడేండ్లవి.
నాయన పంపిండట.
పెన్సిళ్ళ ధరలు, మామ వయసులు పక్కకు పెట్టి
వారం దినాలు ఇవే చేసినం,
చిట్టీకో ఎక్స్.
గణపతివి నాలుగు తప్పొచ్చినయి.
దిద్దుదామని ఎర్రపెన్ను తీసి
అలవాటుగ ఒక గీత గీసిన.
రెండోది అడ్డం గియ్య చెయ్యి రాలే.

ఇప్పుడు తప్పుకు సున్న చుడుతున్న.
"మరి సున్నంటే ఏంది సార్?" అని
రేపో ఎల్లుండో అడుగుతరు.