వెనక చూసేవాళ్ళు

కంచె మీదుగా పిలిచింది లీనా,
"నోలా, తీరికుంటే కాస్త నా వీపు చూస్తావా?"
చెరకు తోటలు కాల్చిన మసి ఇంకా రాలుతోంది,
ఆరేసిన దుప్పట్ల మీద నల్లటి పోగులు.
చేతులు కడుక్కుని వెళ్ళాను.

బ్రూనో పోయి పద్నాలుగు నెలలు.
నెలకోసారి, ఆదివారం స్నానమయ్యాక
వంటింటి కిటికీ దగ్గర నిలబెట్టి చూసేవాడట.
చెరకు తూకాలు రాసే పుస్తకం వెనక పేజీల్లో
పెన్సిలుతో ఆమె వీపు,
మచ్చమచ్చకీ ఒక అంకె.
మూడు: ఆవగింజంత. మార్పు లేదు.
ఏడు: మార్పు లేదు.
పదకొండు: మిరియమంత. అంచు గరుకు. చూపించాలి.
ఆ కింద ఏమీ లేదు.

మనవడి జామెట్రీ బాక్సులో స్కేలు తీసి
కళ్ళజోడు సర్దుకుని కొలిచాను.
పుట్టుమచ్చలు అంటాం గానీ
వీటిలో సగం పుట్టి ఎన్నేళ్ళకో వచ్చినవి.
ఇవి టమాటాలు ఏరిన ఎండలు.
ఇది పిల్లల్ని ఈతకు తీసుకెళ్ళిన ఆల్వా బీచ్.
ఇదెక్కడిదో ఆమెకీ తెలీదు.

ఎయిర్‌లో కొత్త డాక్టరు
దీపమున్న అద్దం ఆనించి చాలాసేపు చూసి
"పదకొండుతో భయం లేదు, వయసు మచ్చ.
తీయమంటే తీస్తాను, ఉంచమంటే ఉంచుతాను, మీ ఇష్టం" అన్నాడట.
తిరిగొచ్చి నా మీద విసుక్కుంది:
ప్రమాదమంటే తేలిక, కోసేయమంటాం.
మీ ఇష్టం అంటే ఏం చెయ్యను?
జాకెట్టు పట్టీ ఒరుసుకుని రోజూ మంట.
కానీ ఆయన ఆఖరున చూసింది దాన్నే.

టీ చల్లారింది.
"ఏదీ, నువ్వు తిరుగు" అంది ఉన్నట్టుండి.
నాకెందుకే, నేను నీడపట్టున పెరిగినదాన్ని,
పోస్టాఫీసు కౌంటరు వెనక ముప్పై ఏళ్ళు, అంటూనే
చొక్కా పైకెత్తాను.
ఆమె వేలు మెడ నుంచి కిందికి
ఏదో లెక్కపెడుతూ దిగి
ఎడమ రెక్క కింద ఆగింది.
ఆగే ఉంది.
"ఇదెప్పట్నుంచి?"
నాకేం తెలుసు.
నా వీపు నేనెప్పుడూ వెళ్ళని ఊరు.

నన్నెవరూ మీ ఇష్టం అనలేదు.
మంగళవారమే కోశారు, ఏడు కుట్లు.
నాలోంచి తీసిన శనగబద్దంత ముక్క
చిన్న సీసాలో టౌన్స్‌విల్ వెళ్ళింది.
నేను వెళ్ళి ఆరేళ్ళయింది అక్కడికి.

ఈ సాయంత్రం కట్టు మార్చడానికొచ్చింది లీనా,
చంకలో ఆ తూకాల పుస్తకం.
కొత్త పేజీలో నా వీపు గీసింది,
భుజాలు మరీ వెడల్పు, అయినా ఏమనలేదు.
ఒకటి, అని రాసింది.
ఎంత ఉందని రాయడం? అక్కడిప్పుడు దారమే ఉంది.
తీసేశారు. ఫలితం రావాలి, అని రాసి
పేజీలు వెనక్కి తిప్పి
పదకొండు దగ్గర పెన్సిలు ఆనించింది.

"తేల్చుకున్నావా?" అన్నాను.
"గానుగ సీజను అయిపోనీ" అంది.
దూరంగా మిల్లు రైలు చెరకు పెట్టెలతో
ఒకటొకటిగా పట్టాలు దాటుతోంది.
లెక్కపెట్టడం మొదలుపెట్టి
ఎక్కడో తప్పాం.